కోనేరు పచ్చబడింది, చేపలు తేలుతున్నాయి, కమిటీ కాంక్రీటు అంటోంది

గట్టుమీద_రావి
మా ఊరి శివాలయం కోనేరు సంగతి. 40 మీటర్లకి 40 మీటర్లు, నాలుగు వైపులా రాతిమెట్లు, ప్రస్తుతం రెండు మీటర్ల నీళ్లు. పోయిన నెల నుంచి నీళ్లు బఠానీ పులుసులా పచ్చగా అయిపోయాయి. తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, నిన్న ఓ పాతిక చచ్చి తేలాయి. కమిటీలో రెండు మాటలు నడుస్తున్నాయి. ఒకటి, రెండు బస్తాల బ్లీచింగ్ పౌడర్ కొట్టేద్దామని. బస్తాలు ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చున్నాయి కూడా. రెండోది, ఈ వేసవిలో నీళ్లు తోడేసి అడుగంతా కాంక్రీటు పోసేద్దామని, అప్పుడు ఏడాది పొడుగునా నీళ్లుంటాయి, తెప్పోత్సవం జరుపుకోవచ్చని దాత ఒకాయన ముందుకొచ్చారు. కాదంటే "దేవుడి పనికి అడ్డం పడతావా" అంటున్నారు. ఏం చెప్పి ఆపాలి? అసలు ఆపాలా వద్దా?

భీమవరం_బాబ్జీ
ముందు ఆ బస్తాలకి తాళం వేయించండి, మిగతాది తర్వాత. లెక్క చూడండి. బస్తా 25 కేజీలనుకుంటే రెండు కలిపి 50. అందులో క్లోరిన్ సుమారు 30 శాతం, అంటే 15 కేజీలు. మీ కోనేట్లో 32 లక్షల లీటర్లు. లీటరుకి 4.7 మిల్లీగ్రాములు పడుతుంది. చేపకి 0.1 కూడా ప్రమాదమే. పాతిక కాదు, ఉన్న చేపలన్నీ తేలతాయి. అవి కుళ్లితే పాచి ఇంకా పెరుగుతుంది.

తెల్లారగట్లే ఎందుకు తేలుతున్నాయంటే, పగలు పాచి ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పాచి ఆక్సిజన్ తాగేస్తుంది. ఉదయం నాలుగు నుంచి ఆరు మధ్య నీళ్లలో అతి తక్కువ ఉంటుంది. కార్పు జాతి చేపలు లీటరుకి 3 మిల్లీగ్రాముల కింద మేత మానేస్తాయి, ఇంకా దిగితే నోరు పైకెడతాయి. మబ్బు పట్టిన రోజు తర్వాత తెల్లవారే చావులెక్కువ.

ఈ రాత్రి చేయాల్సింది: 5 హెచ్‌పీ మోటారు అద్దెకి తెచ్చి కోనేటి నీళ్లే పైనుంచి పీల్చి, పైపు చివర చిల్లుల డబ్బా కట్టి, ఎత్తు నుంచి కోనేట్లోకే జల్లులా పడేట్టు పెట్టండి. రాత్రి 12 నుంచి ఎండ వచ్చేదాకా. చచ్చిన చేపల్ని ఎప్పటికప్పుడు వలతో తీసి దూరంగా పాతిపెట్టాలి. మేత పూర్తిగా బంద్.

గట్టుమీద_రావి
మేత అంటే మేం వేసేదేం లేదండీ. భక్తులే బొరుగులు, పిండి ఉండలు వేస్తారు. గుడి ముందు కొట్లో అమ్ముతారు.

భీమవరం_బాబ్జీ
అదే మేత. రోజుకెంత?

గట్టుమీద_రావి
మామూలు రోజు అయిదారు కేజీలు. సోమవారం, కార్తీకం అయితే ముప్పై దాటుతుంది. సగటున పది వేసుకోండి.

జలలెక్క
పది కేజీలంటే ఏడాదికి 3,650 కేజీల బొరుగులు. బియ్యపు గింజలో భాస్వరం దాదాపు 0.1 శాతం, అంటే మూడున్నర కేజీల పైచిలుకు భాస్వరం కోనేట్లోకి వెళ్తోంది, బయటికి వచ్చే దారి లేదు. కేజీ భాస్వరం మీద 500 కేజీల దాకా తడి పాచి పెరగగలదని చెరువుల లెక్క. అంటే ఏటా 1,800 కేజీల పాచికి సరిపడా ఎరువు మీరే వేస్తున్నారు. చేప తిన్నా అంతే, అందులో ఎక్కువ భాగం మళ్లీ నీళ్లలోకే వదులుతుంది.

వేపపుల్ల
పుణ్యం కేజీ లెక్కన అమ్ముతున్నారన్నమాట.

ఆగమ_శర్మ
వెటకారం పక్కన పెట్టండి. చేపలకి మేత వేయడం భూతయజ్ఞంలోకి, అంటే ప్రాణులకి తిండి పెట్టే విధిలోకి వస్తుంది, జనానికి అది సులువుగా దొరికే ధర్మం. వద్దంటే వినరు, దొంగచాటుగా వేస్తారు. కొలత పెట్టాలి.

అయితే నీటి గురించి శాస్త్రం ఏం చెప్పిందో కమిటీకి చదివి వినిపించండి. వేదంలో భాగమైన తైత్తిరీయ ఆరణ్యకంలో, గుళ్లలో పారాయణ చేసే అరుణంలోనే ఉంది: "నాప్సు మూత్రపురీషం కుర్యాత్, న నిష్ఠీవేత్, న వివసనః స్నాయాత్". నీళ్లలో మలమూత్రాలు విడవకు, ఉమ్మకు, బట్ట లేకుండా స్నానం చేయకు. రోజూ అరుణపారాయణం జరిగే గుళ్లలోనే కోనేట్లో పుక్కిలిస్తుంటారు, అది వేరే విషయం.

వేపపుల్ల
శర్మ గారూ, ఆ వాక్యం నాకూ తెలుసు. కానీ అది శౌచం గురించి, పర్యావరణం గురించి కాదు. నీళ్లు దేవత కాబట్టి అవమానించకు అంటోంది. అదే నమ్మకం ఇంకోవైపు తిరిగితే "తీర్థం ఎప్పుడూ అపవిత్రం కాదు, ఏం కలిపినా కడిగేస్తుంది" అవుతుంది. గంగకి పట్టిన గతి అదే కదా. పవిత్రం అన్నమాట ఒక్కటే నీళ్లని కాపాడదు.

ఆగమ_శర్మ
ఒప్పుకుంటాను, సగం. "కడిగేస్తుంది" అన్నది పాపం గురించి, పాల ప్యాకెట్ల గురించి కాదు. ఆ తేడా చెప్పాల్సింది అర్చకులు, మేం చెప్పడం మానేశాం. నిషేధాలు ఏ కారణంతో పెట్టినా, పాటిస్తే నీళ్లు బాగుంటాయి. కమిటీకి ఏ కారణం రుచిస్తే అది చెప్పండి.

హౌజ్‌గట్టు
నిలిచిన నీళ్లలో మూత్రం పోయొద్దని ప్రవక్త మాటలైన హదీసుల సంకలనాలు బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉంది. మాటకి మాట సరిపోయింది. నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ కూడా ప్రవక్త ఒక ముద్ద్ నీళ్లతో చేసేవారని ఉంది, అంటే ముప్పావు లీటరు లోపే. ఇవాళ కుళాయి తిప్పి వదిలేస్తే అయిదు లీటర్లు పోతాయి. ఆ నీళ్లలో సబ్బుండదు కాబట్టి నేరుగా చెట్లకో ఇంకుడు గుంతకో మళ్లించొచ్చు, వడపోత కూడా అక్కర్లేదు. చాలా మసీదుల్లో ఇంకా మురుగు పైపుకే కలిపేస్తారు. ఏ మతమైనా ప్లంబరు దగ్గరికొచ్చేసరికి ఒకటే.

పాలమూరు_పోరి
ప్లంబరు మాట కరెక్ట్ 😄 రావి అన్నా, అభిషేకం నీళ్లు యాడికి పోతయ్? సోమసూత్రం (గర్భగుడి నుంచి నీళ్లు బయటికొచ్చే రాతి కాలువ) నుంచి సీదా కోనేట్లకేనా?

గట్టుమీద_రావి
అవును, ఈశాన్యం మూల మెట్ల మీదుగా. అక్కడే వాసనెక్కువ. సోమవారం ఇరవై లీటర్ల దాకా పాలు పోస్తారు.

జలలెక్క
పాల సంగతి చాలామందికి తెలియదు. లీటరు పాలు నీళ్లలో కుళ్లడానికి దాదాపు 100 గ్రాముల ఆక్సిజన్ కావాలి. వెయ్యి లీటర్ల మంచి నీళ్లలో ఉండేది ఏడు గ్రాములు. అంటే ఒక లీటరు పాలు 14 వేల లీటర్ల నీళ్లలోని ఆక్సిజన్ మొత్తం తినేస్తాయి. ఇరవై లీటర్లంటే 2 లక్షల 80 వేలు, మీ కోనేటిలో పదకొండో వంతు. కోనేరంతా సమంగా కలవవు, ఆ ఈశాన్యం మూలే దెబ్బ తింటుంది, వాసన అందుకే.

పాలమూరు_పోరి
దీనికి మస్తు అలకటి ఉపాయం ఉంది. సోమసూత్రం కాడ పైపు పెట్టి పక్కకి మళ్లించాలె. ముందు ఒక 200 లీటర్ల డ్రమ్ము. లోపలికొచ్చే పైపుకీ బయటికి పోయే పైపుకీ టీ (T) ఆకారం ముక్కలు బిగించి కిందికి దించితే, నూనె, నెయ్యి, పాల కొవ్వు పైన తేలి డ్రమ్ములనే ఆగుతది. వారానికోసారి ఆ మీగడ తీసి కంపోస్టుల పారెయ్యాలె. ఇది ఎగ్గొట్టి డైరెక్టుగా కంకరలకి వదిలితే నెల రోజులకి జామ్ అయితది, అందరూ చేసే తప్పు ఇదే.

డ్రమ్ము తర్వాత కంకర తొట్టి. రోజుకి 500 లీటర్లు వస్తయనుకుంటే నాలుగు మీటర్ల పొడుగు, ఒక మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు. 20 మి.మీ. కంకర నింపితే సందులల్ల దాదాపు వెయ్యి లీటర్లు పడతయ్, అంటే నీళ్లు రెండు రోజులు నిలుస్తయ్. అండ్ల మెట్టతామర పెట్టుండ్రి. నీళ్లు కంకర పైకి కనిపించొద్దు, అయిదు సెంటీమీటర్లు కిందనే ఉండాలె, లేకుంటే దోమలు. బయటికి వచ్చిన నీళ్లు బిల్వం, గన్నేరు చెట్లకి.

ఆగమ_శర్మ
దీనికి ఆగమపరంగా అభ్యంతరం కనబడదు. అభిషేకజలం ఎవరూ దాటకూడదు, తొక్కకూడదు. అందుకే శివాలయంలో సోమసూత్రం దాటరు. పైపులో వెళ్లి బిల్వం మొదట్లో పడితే అంతకన్నా ఏం కావాలి. చుట్టూ చిన్న కంచె కట్టండి. ఇక పాలు ఉద్ధరిణెడు పోసినా అభిషేకమే, బిందె పోసినా అభిషేకమే. మిగతావి కాచి ప్రసాదంగా పంచమనండి.

డాలస్_నుంచి
పచ్చదనం పోవాలంటే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొడితే సరిపోదా? ఇక్కడ చెరువులకి అదే వాడతారు.

భీమవరం_బాబ్జీ
కొడితే పాచి రెండ్రోజుల్లో చస్తుంది. చచ్చిన పాచి అంతా ఒక్కసారి కుళ్లుతుంది, ఆ రాత్రే ఆక్సిజన్ సున్నా. రొయ్యల చెరువుల్లో ఇది చూడని రైతు ఉండడు. పైగా రాగి మట్టిలోనే ఉండిపోతుంది.

సున్నం కూడా గుడ్డిగా వెయ్యొద్దు రావి గారూ. పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణం, కొలిచే డబ్బా ఆక్వా షాపుల్లో దొరుకుతుంది. ఉదయం ఆరింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి చూడండి. మధ్యాహ్నం 9 దాటిందంటే పాచి విపరీతం. అప్పుడు సున్నం పడితే పీహెచ్ ఇంకా ఎగబాకి, ఉన్న అమోనియా విషంగా మారుతుంది.

నీళ్ల చిక్కదనం కొలవడానికి ఒక పళ్లేన్ని తెలుపు నలుపు ముక్కలుగా రంగేసి తాడు కట్టి దించండి. 25 నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర కనబడకుండా పోతే చేపల చెరువుకి బాగున్నట్టు. 20 లోపే మాయమైతే ప్రమాదం. గుడి కోనేటికైతే 60 రావాలి. వారానికోసారి గోడ మీద రాయండి, భక్తులకి కూడా తెలుస్తుంది.

గట్టుమీద_రావి
రాత్రి మోటారు నడిపాం. ఇవాళ మూడే తేలాయి. పళ్లెం 14 సెంటీమీటర్ల దగ్గర కనబడలేదు. పీహెచ్ పొద్దున 7.6, మధ్యాహ్నం 9.3.

భీమవరం_బాబ్జీ
అనుకున్నట్టే ఉంది. ఇంకో పది రోజులు మోటారు ఆపొద్దు. ఏ చేపలున్నాయో చెప్పండి.

గట్టుమీద_రావి
బొచ్చె, శీలావతి కొన్ని. ఎక్కువ బంగారుతీగ. ఈ మధ్య నల్లగా గట్టి పొలుసుతో ఒకటి పడింది, పిల్లలు విమానం చేప అంటున్నారు. రెండు తాబేళ్లు కూడా, చెవి దగ్గర ఎర్ర గీత.

భీమవరం_బాబ్జీ
బంగారుతీగ అడుగు బురద తవ్వుతుంది, అందులో దిగిన భాస్వరం మళ్లీ పైకొస్తుంది. ముందు వాటిని తగ్గించాలి. విమానం చేప అంటే సక్కర్ చేప, అక్వేరియం వాళ్లు వదిలేసింది. మెట్ల సందుల్లో బొరియలు చేస్తుంది, మిగతా చేపల గుడ్లు తింటుంది. వలలో పడ్డది మళ్లీ నీళ్లలోకి వెళ్లకూడదు. మొత్తం చేపలు ఎకరాకి అయిదు వందలు మించకుండా చూస్తే, మీకున్న 40 సెంట్లలో రెండు వందలు. వాటికి రోజుకి కేజీన్నర మేత చాలు, మిగతాది నీళ్లలోనే దొరుకుతుంది.

కోయిల్‌సాగర్
ఎర్ర గీత తాబేలు మన దేశానిది కాదు, అమెరికాది. చిన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉంటుందని కొంటారు, పళ్లెమంత అయ్యాక "గుళ్లో వదిలితే పుణ్యం" అని తెచ్చేస్తారు. మన నీటి తాబేళ్లు దొరికితే మాత్రం ముట్టుకోవద్దు. వాటిలో చాలా జాతులకి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది, గుళ్లో పెంచినా నేరమే. గేటు దగ్గర బోర్డు పెట్టండి: ప్రాణుల్ని కొని తెచ్చి వదలరాదు.

వేపపుల్ల
కొని తెచ్చి వదిలే పుణ్యం కోసమే ఎవరో పట్టి అమ్ముతారు. ఆ వ్యాపారం మన జీవకారుణ్యం మీదే బతుకుతోంది.

రాతిమెట్టు
కాంక్రీటు సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను అందుకుంటాను. ఆపాల్సిందే.

ఒకటి, నీళ్లు నిలవవు. జలలెక్క గారు లెక్క కట్టి చూపిస్తే బాగుంటుంది. రెండు, వానాకాలంలో చుట్టుపక్కల భూగర్భజలం పైకొస్తుంది, కోనేరు ఖాళీగా ఉన్నప్పుడు అది కాంక్రీటు పలకని కింద నుంచి పైకి తంతుంది. పగుళ్లు, ఉబ్బులు ఖాయం. మూడు, గుడి బావి, వీధి బోర్లు ఈ కోనేటి ఊట మీదే బతుకుతుంటాయి, అడుగు మూసేస్తే రెండేళ్లలో తేడా కనబడుతుంది.

జలలెక్క
రావి గారూ, మీ వైపు ఏడాదికి వాన ఎంత? గుడి కప్పులూ, ప్రాకారం లోపలి రాతి పరుపూ కలిపి ఎన్ని చదరపు మీటర్లు?

గట్టుమీద_రావి
800 మి.మీ. దాకా. కప్పు, పరుపు వెయ్యి చ.మీ. ఉంటాయి.

జలలెక్క
అయితే చూడండి. ఎండకి ఆవిరయ్యేది రోజుకి సగటున 5 మి.మీ., ఏడాదికి 1.8 మీటర్లు. 1,600 చ.మీ. మీద 2,880 ఘనపు మీటర్లు. కోనేటి మీద నేరుగా పడే వాన 1,280. కప్పు, పరుపు నీళ్లు మొత్తం మళ్లించినా, అయిదో వంతు పోగా 640. రెండూ కలిపి 1,920. అడుగున చుక్క ఇంకకపోయినా ఏటా 960 లోటు. కాంక్రీటు ఆవిరిని ఆపలేదు. దాత గారికి ఈ ఒక్క కాగితం చూపించండి.

ఆ లోటు తీర్చేది వాగు నుంచి వచ్చే పాత కాలువే. చాలా కోనేళ్లకి ఒకటి ఉంటుంది. వెతికారా?

గట్టుమీద_రావి
ఉంది. వాయవ్యం నుంచి రాతి తూము. బయట వీధి మురుగు దాంట్లో కలిసిందని పదేళ్ల కిందట మూసేశారు.

శాసనాల_పిచ్చి
కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గుర్తొస్తోంది. 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర వేయించాడు, చెరువు పేరు అనంతరాజసాగరం. చెరువుకి ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని చెక్కించాడు. కట్టలోంచి ఊట కారడం, చౌటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నడుమ మిట్ట, నేల ఎక్కువై నీరు చాలకపోవడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం. మీది అయిదోది. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో, అంటే సంతానంతో సమానమని చెప్పే ఏడు పుణ్యకార్యాల్లో ఒకటి, పుణ్యమే. కానీ వాళ్లు పుణ్యంతో పాటు నీటి లెక్క తెలిసిన మనిషిని కూడా పన్నెండింట్లో చేర్చారు. వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్లు పట్టిందని ఖర్చు వివరం కూడా ఉంది.

వేపపుల్ల
రెండు రాజ్యాల సరిహద్దు దోషం ఇవాళ్టికీ వర్తిస్తుంది, ఏ డ్యామని అడక్కండి.

నిర్వాహకుడు
రెండు రాష్ట్రాల నీళ్ల గొడవకి వేరే దారం ఉంది. "మా పండగలకే నీతులు చెబుతారు" అంటూ వచ్చిన రెండు పోస్టులు, వాటికి జవాబులు తీసేశాను. ఇక్కడ అడిగింది ఒక కోనేరు గురించి.

రాతిమెట్టు
తూము తెరవాలంటే ముందు వీధి మురుగుని వేరే పైపులో పక్కకి తప్పించాలి. తర్వాత తూము ముందు మట్టి దిగే గుంత ఒకటి, రెండు మీటర్లకి రెండు, మీటరున్నర లోతు, మధ్యలో అడ్డగోడ. తొలివాన నీళ్లు లోపలికి రానివ్వకుండా చెక్క తలుపు. వీధి మీద ఆర్నెల్ల చెత్తంతా తొలి రెండు వానల్లోనే వస్తుంది.

పూడిక తీస్తే జాగ్రత్తలు. నీళ్లు ఒక్కసారి తోడొద్దు, రోజుకి 20 సెంటీమీటర్లు మించకుండా దించండి. మెట్ల వెనక మట్టి తడితో నిండి ఉంటుంది, ముందున్న నీటి ఆనుడు ఒక్కసారి పోతే గోడ ముందుకి ఉబ్బుతుంది. జేసీబీని మెట్ల మీదుగా దించొద్దు. ఇసుక బస్తాలతో వాలు కట్టి దించండి, ఆఖరి మెట్టుకి రెండు మీటర్ల దూరం వరకు మనుషులే తవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, నల్ల బురద తీశాక గట్టిగా, బూడిద రంగులో లేదా పసుపుగా బంకమట్టి తగులుతుంది. అక్కడ ఆగిపోవాలి. ఇంకో అడుగు లోతు వస్తుందని దాన్ని చీల్చేస్తే, మీరు నింపిన నీళ్లు నెల తిరక్కుండా దిగిపోతాయి. పూడిక తీశాక ఎండిపోయిన కోనేళ్లలో చాలా ఇలా చెడినవే. ఎక్కడైనా చిరిగితే రేగడి బంక 15 సెంటీమీటర్ల చొప్పున రెండు వరసలు వేసి, తడిపి దిమ్మిస కొట్టాలి. దాత గారి డబ్బుకి ఇదే సరైన పని.

మెట్ల సందులు సిమెంటుతో పూడ్చొద్దు. సిమెంటు బిగుసుకుపోయి వెనక నీటిని బయటికి రానివ్వదు, ఎండకి రాయి అంచు ఊడొస్తుంది. గానుగ సున్నం ఒక పాలు, ఇసుక రెండు, ఇటుక పొడి ఒకటి. ఇటుక పొడి వల్లే తడిలో కూడా గట్టిపడుతుంది. సున్నం కనీసం పదిహేను రోజులు నీళ్లలో నానాలి. పూత మీద తడి గోనె పట్టాలు రెండు వారాలు.

పాలమూరు_పోరి
తీసిన నల్లమట్టి పారెయ్యకుండ్రి, పొలాలకి మంచిది. కాకపోతే విగ్రహాలు నిమజ్జనం చేసిన కోనేరైతే ముందు రంగుల కోసం పరీక్ష చేయించాలె.

గట్టుమీద_రావి
చవితికి పాతిక బొమ్మలు వేస్తారు. సగం ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌వే.

జలలెక్క
ఈశాన్యం మూల వాసన కుళ్లిన గుడ్లలా ఉంటే, పాలతో పాటు అదీ కారణం. ప్లాస్టర్ నీళ్లలో పడితే జిప్సం అవుతుంది, అందులో గంధకం. ఆక్సిజన్ లేని బురదలో సూక్ష్మజీవులు దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. అది చేపలకి విషం. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సవరించిన మార్గదర్శకాల్లో ప్లాస్టర్ బొమ్మలు వద్దనే ఉంది. కోనేటి పక్కన టార్పాలిన్ గుంత తవ్వండి, మట్టి బొమ్మలైతే అందులో కరిగిన మట్టి వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

గట్టుమీద_రావి
నిర్మాల్యం ఏం చేయాలి? పూజారి గారు నీళ్లలోనే కలపాలి అంటున్నారు.

ఆగమ_శర్మ
ఎవరూ తొక్కని చోట వేయాలన్నది ఉద్దేశం. నీళ్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి నీళ్లలో వేశారు. తిరుమలలో స్వామి పూలు కోనేట్లో వేయరు, దానికోసం పూలబావి ఉంది. 2021 నుంచి దేవస్థానం వాడిన పూలతో అగరుబత్తీలు కూడా చేయిస్తోంది. పూజారి గారికి ఈ ఉదాహరణ చెబితే కాదనలేరు.

పాలమూరు_పోరి
మీటరుకి మీటరు గుంతలు మూడు. పూలు మూడు పాళ్లు, ఎండాకు ఒక పాలు, పైన పేడ నీళ్లు. ఉట్టి పూలే వేస్తే బురదైతది, వాసనొస్తది. నైలాన్ దారం, జరీ కాయితం ముందే తెంపాలె, లేకుంటే తర్వాత ఎరువులకెంచి ఏరలేక చస్తరు. కొబ్బరి చిప్పలు వేరే. వారానికోసారి తిప్పితే రెండు నెలలకి ఎరువు.

డాలస్_నుంచి
గుర్రపుడెక్క వేస్తే నీళ్లు శుభ్రమవుతాయని చదివాను.

కోయిల్‌సాగర్
వద్దు. వద్దు. వద్దు. నెలలో కోనేరు కనబడదు. తొట్లలో కలువలు పెట్టుకోండి, అంతే.

గట్టుమీద_రావి
దాత గారికి ఆవిరి లెక్క చూపించాం. తూము, మట్టి గుంత పనికి సరేనన్నారు, శిలాఫలకం మాత్రం కావాలట. బొరుగుల కొట్టాయన ఒప్పుకోవట్లేదు, నష్టం అంటున్నాడు.

భీమవరం_బాబ్జీ
ఆయన్నే మేత అమ్మమనండి. గుడి తరఫున గవ్వంత పొట్లాలు, ఒక్కోటి పది గ్రాములు, రోజుకి 150 పొట్లాలే. అయిపోతే అయిపోయినట్టే, టికెట్టు లెక్క. అమ్మకం తగ్గదు, మేత తగ్గుతుంది.

వేపపుల్ల
బ్లాకులో అమ్ముతారు చూడండి.

గట్టుమీద_రావి
ఇంకొకటి, మోటారు ఫుట్‌వాల్వు బురదతో మూసుకుపోతోంది.

రాతిమెట్టు
అడుక్కి పెట్టారన్నమాట. ఖాళీ క్యాను కట్టి తేలించండి, పైనుంచి రెండడుగుల కింద వేలాడాలి. చుట్టూ దోమతెర రెండు పొరలు చుట్టి, రోజూ ఓసారి దులపండి.